తిరుగు నెమలి అంచు

“అవ్వా, మొన్న నేను చూసొచ్చిన సినిమా ఎవరి మీద తీసినారో, ఆయన మన కబ్బన్‌పేట ఇంట్లో బాడిగకు ఉండె అని అమ్మ చెప్పింది. నిజమేనా?”

ఎవరు చెప్పింది? మీ అమ్మా? దానికేం తెలుసప్పా, అది అప్పటికి పుట్టనే లేదు. ఆగు, ముందు ఆ చేతిలో ఉండేది ఏంది? ఫోనా? నా మాట అందులోకి పోతా ఉండాదా? ఆన్నించి ఇంకెవరికి పోతాది? ఎవరికీ పోదంటావు. గ్యాస్ తెచ్చినోడు గూడా అట్లే అన్నాడు, అవ్వా సుమ్నే, ఊరికే, ఈడ వేలు పెట్టు, ఏమీ కాదు అని. పెట్టలేదు నేను. సరే, ఆ బల్ల మీద పెట్టు. నాకు కనపడేట్టు పెట్టు.

ఉండె. నిజమే. ఆయప్పా, ఆయన పెండ్లామూ, ఇద్దరూ ఉండిరి మనింట్లో. కానీ నువ్వు చెప్పిన సినిమా కథ మాత్రం నేను నమ్మను. ఏమన్నావు నువ్వు? ఆయప్ప దగ్గర బొమ్మ తీసేదానికి దుడ్లు లేకపోతే పెండ్లాం వచ్చి నవ్వతా నగలన్నీ వొలిచి చేతిలో పెట్టింది, థియేటర్లో అందరూ కండ్లు తుడుచుకున్నారు, అంటివి గదా. నవ్వతా ఇచ్చిందంట! ఏ ఆడది ఇస్తుందప్పా నవ్వతా? ఆ సినిమా తీసినోళ్ళు ఎవరన్నా ఆయమ్మని అడిగినారా? ఆయమ్మ ఎప్పుడో పోయె. అడిగేదానికి ఎవరూ లేరు కాబట్టి నవ్వించినారు. అంతే.

నేను చూసినా ఆయమ్మని. తులసమ్మ ఆయమ్మ పేరు. సర్జాపురం ఆడపడుచు. ఇప్పుడు నువ్వు ఆడ పదో అంతస్తులో ఉండావే, అప్పుడు ఆడ మేకలు కూడా ఒంటరిగా తిరగవు, అంత బయలు. మా అమ్మగారిది వర్తూరు గదా, మేం సర్జాపురం సంతకు బండి కట్టుకుని పోతా ఉంటిమి. మా వర్తూరు చెరువు నీళ్ళు ఎంత తియ్యగా ఉండె అనుకున్నావు, ఇప్పుడు నురగ కక్కుతా ఉండాదంటారు... ఏం చెప్తా ఉంటి?

ఆఁ, ఇల్లు. మన ఇల్లంటే ఇప్పుడు నువ్వు చూసే మూడంతస్తుల అంగళ్ళు కాదు. పెంకుటిల్లు. వాకిలి దాటితే మగ్గాల సాల, పట్టు చీరలు నేసేది. నేను పెండ్లయి వచ్చిన కొత్త. యుద్ధం కాలం. పట్టంతా సర్కారు లాగేసుకునె, ఏవో గొడుగులకంట, సోల్జర్లు విమానంలోంచి దూకేటప్పుడు పట్టుకునే గొడుగులు. మనకి పోగు దొరకలా. మగ్గాలు నిలబడిపోయె. మీ తాత మిల్లులో పనికి చేరె. బియ్యం కార్డు మీద, చక్కెర కార్డు మీద, కిరసనాయిలు కార్డు మీద. అణా ఇస్తే హోటల్లో ఇంత పెద్ద లోటాతో కాఫీ ఇస్తా ఉండిరి అంతకు ముందు, యుద్ధంలో ఆ లోటా సగం అయిపోయె. అందుకే మా మామ, అంటే మీ ముత్తాత, పట్టు దాచే పక్క గది బాడిగకి ఇచ్చినాడు.

ఇచ్చిన దినం నించే అనుమానం. మా అత్తకు ముందు. నాకు ఈ గుణం వచ్చిందే ఆయమ్మ నించి, మీ అమ్మ నన్ను అంటుంది గదా, అందరినీ అనుమానిస్తావు అని. మా అత్తని చూసింటే తెలిసేది. నీళ్ళు పోసేవాడు చెంబు ఎత్తుకుపోతాడని కొళాయి కాడ నన్ను నిలబెట్టేది.

వాళ్ళు వచ్చిన బండిలో సామాను ఏముండె అనుకున్నావు? రెండు పరుపు చుట్టలు, ఒక ట్రంకు, నాలుగు పాత్రలు. మిగతాదంతా డబ్బాలు. గుండ్రంగా, బల్లపరుపుగా, రొట్టెల డబ్బాల మాదిరి. గది నిండా అవే. ఆయప్ప తనే ఒక్కొక్కటి ఎత్తి లోపల పెట్టె, కూలోడిని ముట్టుకోనీయలా. “అయ్యా, దీంట్లో ఏముండాది?” అని మామ అడిగితే, “బొమ్మలు” అన్నాడు. అంతే. మనిషి సన్నగా, పొడుగ్గా, కోటు మోచేతి కాడ చిరిగింటే లోపలి నించి కుట్టింటాది, కానీ నిలబడేది మాత్రం మైసూరు దివాను ముందు నిలబడినట్టు. మాట తక్కువ. తలుపు మూసుకుంటాడు. పగలు గూడా. పగలు తలుపు మూసుకునేవాళ్ళని మన పేటలో ఎవరు నమ్ముతారు?

ఇంకొకటి. వాసన. ఆ గదిలో నించి అరటిపండు వాసన వచ్చేది. బాగా మాగిన అరటిపండు. మా అత్త పాపం చెత్తకుండీ వెతికేది, తొక్క ఒక్కటీ లేదు. “పండు లేకుండా పండు వాసన ఎట్లొస్తుందమ్మీ? ఏదో కాస్తా ఉండారు లోపల” అనేది. సారాయి అని ఆయమ్మ అనుమానం. ఎదురింటోళ్ళు వేరే మాట అనిరి. జపానువాళ్ళ మనిషి, డబ్బాల్లో యంత్రాలుండాయి అని. యుద్ధం కాలం గదా, ఎవరు ఏమన్నా నమ్ముతారు.

నన్ను కాపలా పెట్టిరి. కొత్త కోడలిని, పనేముంది, సాలలో కూర్చోని తలుపు సందులోంచి చూస్తా ఉండాల. చూసినా. నాకు గూడా అనుమానమే, అబద్ధం ఎందుకు. ఆయప్ప కిటికీ కాడ కూర్చోని ఏదో చదువుకుంటా ఉంటాడు. పని చేసేదంతా తులసమ్మ. డబ్బాలోంచి నల్లటి రిబ్బను లాంటిది తీసి, వెలుగుకి పెట్టి చూసి, కత్తెరతో కోసి, బ్లేడుతో గీకి, నాలుకతో తడి చేసి, సీసాలోంచి ఏదో పూసి, మళ్ళీ అతికించి, బొటనవేలితో నొక్కి పట్టుకునేది. కండ్లు మూసుకుని నొక్కేది. ఒక దినం వెనక్కి తిరగకుండానే, “ఆ సందులో కంటికి గాలి కొడతాదమ్మీ, లోపలికి రా” అనింది.

లోపలికి పోతిని. చూపించింది. అరటిపండు వాసన ఆ సీసాలో బంకదే. “ఇది సినిమా బొమ్మ. మా ఆయన తీసింది. మాటలు రాని కాలం బొమ్మ. పాతబడి చినుగుతా ఉండాది, నేను అతుకుతా ఉండా. నువ్వు పాత పోగుకి కొత్త పోగు అతుకుతావు చూడు, ఆ పనే” అనింది. అప్పటికి టాకీలు వచ్చి చాన్నాళ్ళయె గదా. మాటలు వచ్చినాక ఈయప్పని ఎవరూ పిలవలా. ముందు ఎంత పేరంట, ఈ పక్క బొమ్మ తీసినవాళ్ళలో ఈయప్పే మొదట అంట. పెద్దపెద్దోళ్ళు పూలమాలలు వేసినారంట. చెప్పింది. నేను నమ్మితినా? నమ్మలా. అంత గొప్పోళ్ళైతే మన పట్టు గదిలో ఎందుకుంటారు అనుకుంటి.

ఇప్పుడు మా మామ సంగతి చెప్పాల, అది చెప్పకపోతే నీకు అర్థం కాదు.

మా మామకి నాయన, పెద్దాయన, ఒక అంచు కట్టినాడు. తిరుగు నెమలి అంచు. అంచు పొడుగునా నెమళ్ళు, ప్రతి నెమలీ మెడ తిప్పి వెనకాల వచ్చే నెమలిని చూస్తా ఉంటాది. పేటలో ఇంకెవరికీ రాదు ఆ మెడ తిప్పేది. నేతలో నమూనా అంటే ఏందో తెలుసా? అట్టలు. మందం అట్టలకి తూట్లు కొట్టి, వరసగా దారంతో కుట్టి, మగ్గం పైన తగిలిస్తారు. ఒక్కొక్క అట్ట తిరిగే కొద్దీ తూట్ల ప్రకారం పోగులు లేస్తాయి, కింద నెమలి వస్తుంది. ఆ అట్టలుంటే నమూనా నీది. అట్టలు పోతే పోయె. అందుకే కూతురికి గూడా చూపించరు, పెండ్లయి ఇంకో ఇంటికి పోతుందని.

ఆ అట్టలు పోయె. ప్లేగు వచ్చినప్పుడు. మామ పడుచువాడు అప్పుడు. పేటంతా ఖాళీ చేయించి ఊరి బయట పాకల్లో పెట్టిరి, ఇండ్లకి సున్నం కొట్టి, సామాను కాల్చిరి. పెద్దాయన ఆ పాకలోనే చచ్చిపోయె. వెనక్కి వచ్చి చూస్తే అట్టల మూట లేదు. కాలిపోయింది అని అందరూ అనిరి. మామ మాత్రం నమ్మలా. ఎవరో ఎత్తుకుపోయినారు అంటాడు. ఎంతమంది చెప్పినా అదే మాట. జ్ఞాపకం మీద ఆ నెమలిని గీసేదానికి చూసె, ఎన్నోసార్లు. మెడ కుదరదు. ఒకసారి బాతు మాదిరి, ఒకసారి కోడి మాదిరి. చించి పారేసేవాడు.

అప్పటి నించి ఆ మనిషికి ఒక జబ్బు. ఎవరు ఎదురొచ్చినా అంచు చూసేది. కరగ ఉత్సవంలో అందరూ పూజారి తల మీద పూల కరగ చూస్తా ఉంటే ఈయన తల వంచుకుని ఆడవాళ్ళ కాళ్ళ కాడ చూస్తా నడిచేవాడు. ఒకసారి ఎవరో పట్టుకుని కొట్టబోతే మా అత్త పోయి, అయ్యా ఈయన చీర అంచు చూస్తా ఉండాడు, మీ ఇంటామెని కాదు అని ఇడిపించుకుని వచ్చె. నవ్వుతా ఉండావు నువ్వు. అత్త మాత్రం ఆ పొద్దంతా అన్నం తినలా, సిగ్గుతో.

అదన్నమాట సంగతి. ఇట్లాంటి మనిషి ఇంట్లో, ఒక పొద్దున నేను వాకిలి ఊడస్తా ఉంటే ఆ గది ముందర ఒక ముక్క దొరికింది. ఇంత పొడుగు. నల్లగా ఉండె, బొమ్మా గిమ్మా ఏమీ లేదు దాంట్లో. రెండు పక్కలా తూట్లు. వరసగా, సమంగా, ఒకే కొలత. తీసుకుపోయి అత్తకి ఇస్తి. ఇయ్యకుండా ఉంటానా, చెత్త గూడా అడిగే మనిషి. అత్త మామకి ఇచ్చె.

మామ దాన్ని వెలుగుకి పెట్టి చూసినాడు. వేలితో తడిమినాడు. ముఖం ఎర్రగా అయిపోయె. “అట్టలు!” అన్నాడు. “చిన్నవి చేసినారు, ఎత్తుకుపోయేదానికి సులభంగా ఉండాలని. తూట్లు చూడు, తూట్లు! డబ్బాల నిండా ఇవే. పేటలో ఉండే నమూనాలన్నీ ఎత్తుకుపోయే దొంగ వీడు. మా నాయనది గూడా ఆడే ఉండాది.”

నువ్వు అనుకుంటావు, సినిమా ఫిల్మ్ అని తెలీదా అని. ఎట్ల తెలుస్తుందప్పా? తులసమ్మ నాకు చెప్పిందే గానీ నేనే పూరా నమ్మలా, కొత్త కోడలు చెప్తే మామ వింటాడా? టెంటులో బొమ్మ చూసినోళ్ళే అందరూ. ఆ బొమ్మ దేంట్లోంచి వస్తుందో ఎవరు చూసినారు? మాకు తూట్లంటే ఒక్కటే.

మామ పేట యజమాని కాడికి పోయె. యజమాని అంటే మన కులం పెద్ద, తగువులు తీర్చే మనిషి. ఆ పొద్దు అమావాస్య. అమావాస్య నాడు మనవాళ్ళు మగ్గం ఎక్కరు గదా. పట్టు లేక మగ్గం నిలబడి ఎన్నాళ్ళైనా, మామ మాత్రం అమావాస్య తప్పకుండా పాటించేవాడు. ఆ సాయంత్రం అందరూ ఖాళీ. మన సాల నిండిపోయె. ఆయప్పని, తులసమ్మని పిలిచిరి.

యజమాని మర్యాదస్తుడు. “అయ్యా, మీరు పెద్దోళ్ళు. డబ్బాలు తెరిచి చూపించండి. అనుమానం పోతాది. లేకుంటే మీరు ఈ పేటలో ఉండేది కష్టం” అనె.

“తెరిస్తే మీకు కనపడేది రిబ్బను చుట్ట” అన్నాడు ఆయప్ప. “ఆడిస్తేనే బొమ్మ.”

“అయితే ఆడించండి.”

“ఆడించను” అన్నాడు. అట్లే నిలబడి, కోటు గుండీలు పెట్టుకుంటా. “నా బొమ్మని జనం టిక్కెట్టు కొని చూసినారు. పిలిచి శాలువా కప్పి చూసినారు. నేను దొంగని కాదని చూపించుకునేదానికి ఏ పొద్దూ ఆడించలేదు. ఇప్పుడూ ఆడించను.”

“చూసినారా, దాస్తా ఉండాడు!” అని మామ ఎగిరె. గలాటా మొదలాయె. నాకు నిజం చెప్పాలంటే ఆయప్ప మీద కోపం వచ్చె. అంత బిగువు ఏంది, రుజువు చేసుకునేదానికి? దాచేది లేకపోతే చూపించొచ్చు గదా అనుకుంటి.

అప్పుడు తులసమ్మ లేచింది. మొగుడి దిక్కు చూసి మెల్లగా చెప్పింది, అయినా అందరికీ వినపడె. “ఈ ఇల్లు పోతే ఈ డబ్బాలు ఎత్తుకుని యాడికి పోదాం? నిప్పు తగిలితే భగ్గుమంటాయని తెలిస్తే ఇల్లెవరిస్తారు? ఈ రిబ్బను కరిగించి గాజులు చేసేవాడు తూకానికి ఇమ్మని తిరగతా ఉండాడు. వాడికి పోసేద్దామా? ఉండేది ఈ ఒక్క బొమ్మ. ఆడించు.”

మా అత్త, భగ్గుమంటాయి అనే మాట విని, రెండు బిందెల నీళ్ళు, తడిపిన గోనెసంచి తెచ్చి పక్కన పెట్టె. మామ కొత్త పంచె ఒకటి ఉతకనిది ఉండె, దాన్ని మగ్గం కర్రకి కట్టిరి. ఆయప్ప ట్రంకులోంచి యంత్రం తీసినాడు. చేత్తో తిప్పేది. దీపాలు పెట్టే వేళకి కిటికీలు మూసి మొదలుపెట్టె.

మాటలు లేని బొమ్మ. తులసమ్మే పక్కన నిలబడి చెప్పతా ఉండె, ఇప్పుడు రాణిని అడవికి పంపిస్తారు, ఇప్పుడు రాణి ఏడస్తా ఉండాది అని. కొంచేపటికి ఎవరో ఆడమనిషి, “అమ్మా, ఆ రాణి నువ్వే కదే!” అని అరిచె. నిజమే. తులసమ్మే. పడుచుగా, ఈ పొడుగు జడ. ఆ కాలంలో బొమ్మలో వేషం వేసేదానికి ఏ ఆడదీ రాకపోతే మొగుడు ఈయమ్మనే నిలబెట్టినాడంట. మేమందరం ఒకసారి పంచెలో రాణిని, ఒకసారి పక్కన నెరిసిన తల ఆయమ్మని, ఇట్లా అట్లా చూస్తా ఉంటిమి. మామ ఒక్కడే చేతులు కట్టుకుని, తూట్ల సంగతి ఎప్పుడు బయటికి వస్తుందా అని కూర్చోనుండె.

చివర్లో రాణి మళ్ళీ కోటకి వస్తుంది. మెట్లు దిగుతుంది. ఆయప్ప ఆడ కెమెరా దగ్గరకి పెట్టి తీసినాడు. పంచె నిండా పాదాలే. పాదాలు, చీర అంచు. ఒక్కొక్క మెట్టుకీ అంచు ఇట్లా ఊగతా వస్తుంది. ఆ అంచులో నెమళ్ళు. మెడ తిప్పి వెనక్కి చూస్తా ఉండాయి.

మామ పెట్టిన కేక నాకు ఇంకా చెవుల్లో ఉండాది. లేచి పరిగెత్తినాడు పంచె కాడికి. ఆయన నీడ పడె. నెమళ్ళు ఆయన చేతి మీద పాకతా పోయె. “నాది! మా నాయన నెమలి! చెప్పలేదా, నేను చెప్పలేదా దొంగలని!” ఇంకేముంది, అందరూ లేచిరి. అనుమానం నిజమైపోయె గదా. నేను గూడా తులసమ్మ దిక్కు చూసినా, ఏయమ్మా నన్నెంత మోసం చేసినావు అని. ఎవరో ఆయప్ప కోటు పట్టుకునె.

తులసమ్మ కదల్లేదు. “అది నా పెండ్లి చీర” అనింది. “మా నాయన సర్జాపురం నించి నన్ను బండిలో పిలుచుకొచ్చి ఈ పేటలోనే కొనిచ్చె. నేసినాయన చెవికి పెద్ద పోగు ఉండె. వాకిట్లో నన్ను నిలబెట్టి, చీర భుజం మీద వేసి చూసి, పిల్ల పొడుగు, అంచు బాగా కనపడతాది అనె.”

చెవికి పెద్ద పోగు మా మామ నాయనకే. పేటలో అందరికీ తెలుసు. కోటు పట్టుకున్నోడు ఇడిచిపెట్టె.

మామ, ఎప్పుడూ ఒకరిని బతిమాలని మనిషి. “అమ్మా, ఆ చీర యాడుండాది? ఒక్కసారి చూపిస్తావా?” అనె.

“లేదు. ఆ మెట్లు దిగేది తీసినాక కాల్చేసినాము. జరీలో వెండి తీసి నగరత్‌పేటలో అమ్మి, ఈ బొమ్మ ముగించేదానికి ఫిల్ము కొన్నాం.” మొగుడి దిక్కు చెయ్యి చూపించి, “ఈయనే కాల్చినాడు. నేను ఇంట్లో లేనప్పుడు. కొన్నాళ్ళు నేను ఈయనతో మాట్లాడలేదు” అనింది. ఆయప్ప యంత్రం మీద చెయ్యి పెట్టుకుని తల వంచుకునుండె.

చూసినావా? నవ్వతా ఇచ్చిందంట! అందుకే చెప్పేది నేను, సినిమాని నమ్మొద్దు.

మామ కూలబడిపోయినాడు. మగ్గం గుంత గట్టు మీద కూర్చోని చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చె. ఎంతకాలం దొంగతనం అని వెతికినాడో, అది దొంగతనం కాదు. అట్టలు కాలిపోయిందే నిజం. చీరా కాలిపోయె. మిగిలింది ఆ పంచె మీద పాకిన నెమలి ఒక్కటే. “ఇంకోసారి ఆడించండి” అనె. ఆడించిరి. గళ్ళ కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చునె. గీసేలోపల పోయె. మళ్ళీ ఆడించిరి. “ఆ మెడ కాడ నిలపండయ్యా, ఒక్క నిమిషం” అనె. నిలిపితే దీపం వేడికి ఫిల్ము అంటుకుంటుంది, ఇల్లు మిగలదు అన్నాడు ఆయప్ప. నిజమే చెప్పినాడు, అప్పుడు మాత్రం నేను నమ్మితి.

తులసమ్మ గదిలోకి పోయి కత్తెర తెచ్చింది.

“వద్దు” అన్నాడు ఆయప్ప. యంత్రానికి అడ్డం వచ్చి నిలబడె. “తులసీ, వద్దు. ఇంకో ప్రతి లేదు. నా చేత్తో తీసిన దాంట్లో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు.”

ఆయమ్మ చుట్ట విప్పతా, వెలుగుకి పెట్టి చూస్తా చెప్పింది. “నా చీర కాల్చేటప్పుడు నన్ను అడిగినావా? నేను నిన్ను అడగతా ఉండా. దీపం పట్టుకో.”

పట్టుకున్నాడప్పా. దీపం పట్టుకున్నాడు. ఆయమ్మ జానెడు ముక్క కోసింది. పాదాలు, అంచు, నెమలి, మెడ తిప్పిన నెమలి. మామ రెండు చేతులూ చాపినాడు, ప్రసాదం పట్టుకునేటట్టు. ఆయమ్మ వెంటనే కూర్చోని మిగిలిన రెండు కొసలూ గీకి, అతికి, బొటనవేలితో నొక్కి, కండ్లు మూసుకునింది. అప్పుడు ఏడ్చింది. అంతవరకూ ఏడవలా.

అంతే. ఆపైన మామ నగరత్‌పేట కంసాలి కాడ భూతద్దం తెచ్చి, ఆ ముక్క కిటికీకి అంటించి గీసినాడు. మెడ కుదిరె. కుదిరిన పొద్దు అందరికీ పాయసం. యుద్ధం అయిపోయి పట్టు వచ్చినాక అట్టలు కొట్టించి, మొదటి చీర నేసి, తులసమ్మ చేతిలో పెట్టినాడు. మా అత్త ముఖం చిన్నబోయింది, నాకియ్యలేదే అని, ఏం చేస్తావు. తులసమ్మ ఆ చీర కట్టుకుని సాలలోకి వస్తే ఆయప్ప చాలాసేపు ఆ అంచే చూసె. మీ అమ్మ పెండ్లి చీర చూసినావు గదా, పెట్టెలో? ఆ అంచే.

కొన్నాళ్ళకి వాళ్ళు మైసూరు దిక్కు పోయిరి, ఎవరో చుట్టాల కాడికి. ఆయప్ప పోయినాడని విన్నాం, తర్వాత ఆయమ్మ. డబ్బాలు ఏమాయెనో తెలీదు. గాజులకే పోయింటాయి. మామ కాడ ఉండే ముక్క గూడా కొన్నేండ్లకి జిగురై, పొడి అయిపోయె. ఏమీ మిగల్లేదప్పా. అందుకే ఆ సినిమా వాళ్ళు ఏమి చూపించినా అడిగేవాళ్ళు లేరు.

“అవ్వా, మిగిలింది. సినిమా అయిపోయినాక చివర్లో ఆయన తీసిన అసలు బొమ్మ ఒక ముక్క వేసినారు. ఒక రాణి మెట్లు దిగుతుంది. పాదాలు దగ్గరగా వస్తాయి. మధ్యలో టక్కుమని ఎగిరినట్టయి కింద మెట్టు మీద ఉంటుంది. కాలానికి దెబ్బతినింది అని కింద రాసినారు.”

ఏమన్నావు?

ఇంకోసారి చెప్పు. నిజంగా చూసినావా, లేకుంటే ముసలిదాన్ని మురిపించేదానికి చెప్తా ఉండావా? నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు. పాదాలు తెర నిండా వస్తాయి, అప్పుడేనా? అంచు ఊగతా వస్తుంది, నెమలి మెడ బాగా కనపడే లోపల ఎగిరిపోతుంది, అట్లేనా?

అయ్యో... ఉండాదా. ఉండాది. తులసమ్మా... ఉండావా.

కాలం ఏందప్పా కాలం! కాలానికి అంత సన్నగా కొయ్యను వస్తుందా? అతికి, నొక్కి పట్టుకోను వస్తుందా? అది దెబ్బ కాదు. ఆ రాణే కోసింది దాన్ని, తన చేత్తో, మన సాలలో కూర్చోని. ఆయప్ప దీపం పట్టుకున్నాడు. చెప్పు వాళ్ళకి. ఎవరు రాసినారో వాళ్ళకి చెప్పు, కాలం అనేది కొట్టేసి తులసమ్మ అని రాయమను. నేను చూసినా, నేను ఉంటి ఆడ, అని నా పేరు గూడా పెట్టు. వేలు పెట్టమంటే పెడతా.

రా, ఇట్లా దగ్గరకి రా. ఈ మాట తెచ్చినావు, నీ కండ్లు చల్లగా ఉండనీ నాయనా, నీ పిల్లలు, వాళ్ళ పిల్లలు... నన్ను పిలుచుకపో ఆ థియేటర్‌కి. సినిమా నాకు అక్కర్లేదు. చివరిది, ఆ చివరిది చాలు. ఆడ, ఎగిరే కాడ, నేను చూడాల... ఆయమ్మ నొక్కిన వేలు ఆడ ఉంటుంది గదా...